సొంత గది కోరిన రచయిత్రి

లండన్ మహానగరంలో హైడ్ పార్క్ గేట్ అనే వీధిలో 22వ నంబరు ఇల్లు ఎత్తయినది, ఇరుకైనది, ఎప్పుడూ జనంతో నిండి ఉండేది. ఆ ఇంటి పై అంతస్తులో గోడల పొడవునా పుస్తకాలు పేర్చిన గది ఒకటి ఉండేది. ఆ గదిలో కూర్చొని లెస్లీ స్టీఫెన్ అనే పండితుడు బ్రిటన్‌లోని ప్రసిద్ధుల జీవితచరిత్రలతో ఒక మహానిఘంటువును కూర్చేవాడు. దానికి తొలి సంపాదకుడు ఆయనే. అందులో చేరిన జీవితాలలో అత్యధికం పురుషులవే. ఆయన చిన్నకూతురు ఆ గదికి వచ్చి పుస్తకం తీసుకొని వెళ్ళేది. చదివి తిరిగి ఇచ్చి, మరొకటి అడిగేది. పదిహేనేళ్ళ బాలికకు ఏ పుస్తకం తగునో, ఏది తగదో నిర్ణయించే అలవాటున్న ఆ కాలంలో ఆయన ఆమెకు ఏ ఆంక్షా పెట్టలేదు. కాని ఆమెను బడికి పంపలేదు. విశ్వవిద్యాలయానికి అసలే పంపలేదు. ఆ బాలికే తరువాతి కాలంలో ఆంగ్ల నవలారచన మార్గాన్ని మార్చిన వర్జీనియా వుల్ఫ్.

వర్జీనియా 1882 జనవరి 25న జన్మించింది. తల్లి జూలియా మన దేశంలోని కలకత్తాలో పుట్టి, పసితనంలోనే ఇంగ్లండుకు చేరిన స్త్రీ. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ అది రెండవ వివాహం. తల్లి మొదటి వివాహపు సంతానం ముగ్గురు, తండ్రి మొదటి వివాహపు కుమార్తె ఒకరు, ఈ దంపతులకు కలిగిన వనెస్సా, థోబీ, వర్జీనియా, ఏడ్రియన్ అనే నలుగురు, వెరసి ఎనిమిదిమంది పిల్లలు ఆ ఇంట్లో పెరిగారు. వర్జీనియా తొమ్మిదవ ఏట, 1891లో, పిల్లలు ఒక ఇంటిపత్రికను ప్రారంభించారు. అందులోని రాతలో ఎక్కువ భాగం ఆమెదే. పత్రిక ప్రతిని తల్లి చదువుతుండగా ఆ ముఖంలో ఏ భావం కదులుతుందో దూరం నుండి ఆత్రంగా గమనించేదట.

ప్రతి వేసవిలోను కుటుంబమంతా కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్ అనే పల్లెపట్టుకు తరలేది. అక్కడి ఇంటినుండి సముద్రఖాతం, దాని అంచున గాడ్రెవీ దీపస్తంభం కనిపించేవి. రాత్రివేళ దాని వెలుగు గదిలోకి వచ్చి పోతూ ఉండేది. తీరానికి తగిలి విరిగే అలల చప్పుడు పడకగదిలోకి వినిపించేది. 1894 తరువాత కుటుంబం అక్కడికి వెళ్ళడం మానుకొంది. కాని ఆ దీపం, ఆ అలలు ఆమె రచనలను చివరివరకూ విడువలేదు.

1895 మే 5న తల్లి మరణించింది. అప్పటికి వర్జీనియాకు పదమూడేళ్ళు. ఆ దుఃఖంలోనే ఆమెకు మొదటిసారి తీవ్రమైన మనోవ్యాధి సోకింది. తల్లి స్థానంలో ఇంటిని నడిపిన అక్క స్టెల్లా రెండేళ్ళకే కన్నుమూసింది. తల్లి మొదటి వివాహపు కుమారుల ప్రవర్తన తనను ఎంత బాధించిందో ఆమె చాలాకాలం తరువాత తన జ్ఞాపకాలలో రాసుకొంది. 1904లో తండ్రి, 1906లో గ్రీసు యాత్రనుండి తిరిగివచ్చిన వెంటనే టైఫాయిడుతో ప్రియసోదరుడు థోబీ మరణించారు. పదకొండేళ్ళలో నాలుగు మరణాలు.

ఆ వ్యాధి జీవితమంతా విడతలు విడతలుగా ఆమెను బాధించింది. అది బైపోలార్ రుగ్మత అయి ఉండవచ్చునని నేటి వైద్యులు పలువురు భావిస్తున్నారు. ఆనాటి వైద్యులు మాత్రం పాలు తాగమని, పడుకొమ్మని, చదవడం రాయడం మానమని చెప్పేవారు. రచనయే ఊపిరిగా బతికే మనిషికి కలం ముట్టవద్దనడమే చికిత్స! ఆ వైద్యులమీద ఆమె తన నవలలో తీర్చుకొన్న కసిని గురించి ముందు చెప్పుకొందాం.

ఆ ఇంట్లో కుమారుల చదువుకూ కుమార్తెల చదువుకూ ఉన్న తేడా వర్జీనియా మనసులో లోతుగా నాటుకొంది. థోబీ, ఏడ్రియన్ ఖరీదైన పాఠశాలలకు, ఆపైన కేంబ్రిడ్జికి వెళ్ళారు. అక్కచెల్లెళ్ళు ఇంట్లో తల్లిదండ్రుల వద్దనే పాఠాలు చెప్పించుకొన్నారు. ఉదయం చదువు, చిత్రలేఖనం. సాయంత్రం ముస్తాబై అతిథులకు తేనీరు పోస్తూ మర్యాదగా మాట్లాడటం. ఇదీ వారి దినచర్య. వర్జీనియా లండన్ కింగ్స్ కళాశాల స్త్రీల విభాగంలో గ్రీకు, లాటిన్, చరిత్ర తరగతులకు కొంతకాలం హాజరైంది. జానెట్ కేస్ అనే విదుషి ఇంటికి వచ్చి ఆమెకు గ్రీకు నేర్పింది. గురుశిష్యుల మధ్య ఏర్పడిన ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. సెలవులకు ఇంటికి వచ్చిన థోబీ గ్రీకు వీరుల కథలు చెబుతుంటే, ఆ కథలను మూలభాషలోనే చదవాలన్న పట్టుదలతో ఆమె నిఘంటువును ముందు పెట్టుకొని కూర్చొనేది. ప్రాచీన సాహిత్యం చదివినవారికి ఒక సంగతి తెలుసు. గురుకులంలో పదిమందితో కలిసి చదివినవాడికి తప్పు దిద్దేవారుంటారు. ఒంటరిగా చదివేవారు తమ తప్పులను తామే వెతుక్కోవాలి. ఆ అలవాటు ఆమె విమర్శలో కనిపిస్తుంది. ఏ గ్రంథాన్నయినా ఎవరో చెప్పిన తీర్పు వెంట తీసుకొని ఆమె తెరవలేదు.

తండ్రి మరణానంతరం నలుగురు తోబుట్టువులూ పాత ఇంటిని వదిలి బ్లూమ్స్‌బరీ ప్రాంతంలోని 46 గార్డన్ స్క్వేరుకు మారారు. నల్లరంగు పూసిన తలుపులు, ఎర్రని ముఖమలు తెరలు ఉన్న చీకటింటినుండి తెల్లని గోడలున్న ఇంటికి వచ్చారు. బంధువులు ఆ పేటకు పేరు లేదని ముఖం చిట్లించారు. గురువారం సాయంత్రాలు థోబీ కేంబ్రిడ్జి మిత్రులు అక్కడికి వచ్చేవారు. సౌందర్యం, సత్యం, చిత్రకళ, రాజకీయం ఏదైనా అక్కడ చర్చకు అర్హమే. అర్థశాస్త్రవేత్త కీన్స్, జీవితచరిత్రకారుడు లిట్టన్ స్ట్రాచీ, చిత్రకళావిమర్శకుడు రోజర్ ఫ్రై మొదలైనవారితో క్రమంగా ఏర్పడిన ఆ మిత్రబృందమే తరువాత బ్లూమ్స్‌బరీ బృందంగా ప్రసిద్ధి పొందింది. యువతులు అక్కడ తేనీరు పోసి ఊరుకోలేదు; వాదించారు.

1904 డిసెంబరులో వర్జీనియా రచన తొలిసారిగా అచ్చయింది. మరుసటి సంవత్సరం నుండి టైమ్స్ పత్రిక సాహిత్య అనుబంధానికి సమీక్షలు రాసింది. అదే కాలంలో మోర్లీ కళాశాలలో శ్రామిక స్త్రీపురుషులకు సాయంత్రపు తరగతులు చెప్పింది. రచనకు అందిన తొలి పారితోషికంతో ఒక పర్షియన్ పిల్లిని కొన్నానని 1931లో ఒక స్త్రీల సభలో చమత్కారంగా చెప్పింది. రొట్టెకో అద్దెకో ఖర్చు పెట్టవలసిన అవసరం తనకు లేకపోయిందని ఒప్పుకోవడమే ఆ చమత్కారంలోని అసలు విషయం. 1909లో పినతండ్రి వరుస కాదు, తండ్రికి స్వయానా చెల్లెలైన మేనత్త ఆమెకు 2,500 పౌన్ల ఆస్తి రాసి మరణించింది. ధనం మనిషికి ఎటువంటి స్వేచ్ఛ ఇస్తుందో ఆమె అనుభవంతో తెలుసుకొంది.

1912 ఆగస్టు 10న ఆమె లెనార్డ్ వుల్ఫును వివాహమాడింది. ఆయన థోబీకి కేంబ్రిడ్జి సహాధ్యాయి, యూదుడు. సిలోన్‌లో ఏడేళ్ళు ప్రభుత్వాధికారిగా పనిచేసి, తమిళ సింహళ భాషలు నేర్చి, పరాయి ప్రజలను పాలించడంమీద విసుగు పుట్టి తిరిగివచ్చినవాడు. వర్జీనియా కోసం ఆ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. సిలోన్ అడవిపల్లె రైతుల బతుకుమీద ఆయన రాసిన నవల 1913లో వెలువడింది. వివాహమైన మరుసటి ఏడాది భార్య ప్రాణాపాయకరమైన అస్వస్థతకు గురి కాగా, నెలల తరబడి ఆయనే దగ్గరుండి సాకాడు. ఆమె తొలి నవల 'ది వాయేజ్ అవుట్' 1915 మార్చిలో విడుదలయ్యే నాటికి ఆమె మళ్ళీ జబ్బుపడి ఉంది.

ఈ దంపతుల జీవితంలో ముచ్చటైన ఘట్టం అచ్చుయంత్రం కొనడం. రచనాశ్రమతో అలసిన మనసుకు చేతిపని విశ్రాంతి కలిగిస్తుందని లెనార్డ్ ఆలోచన. ముద్రణ నేర్చుకోవడానికి పాఠశాలకు వెళ్తే, కార్మికసంఘపు శిష్యులకు తప్ప ఇతరులకు నేర్పబోమన్నారు. 1917 మార్చిలో లండన్ వీధిలో నడుస్తూ ఒక దుకాణంలో చిన్న చేతియంత్రాన్ని చూశారు. యంత్రానికి, అచ్చు అక్షరాలకు, పని నేర్పే చిన్న పుస్తకానికి కలిపి 19 పౌన్ల 5 షిల్లింగుల 5 పెన్నీలు చెల్లించారు. రిచ్‌మండులో తాము నివసించే హోగార్త్ భవనంలో భోజనబల్లమీద దానిని నిలబెట్టారు. లెనార్డ్‌కు చేతులు వణికే జబ్బు ఉండటంతో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చే పని వర్జీనియాది. యంత్రం తిప్పే పని ఆయనది. ఆ జూలైలో భార్యాభర్తల చెరొక కథతో తొలి పుస్తకం 150 ప్రతులు సిద్ధమైంది. కాగితాలు కుట్టినదీ వారే.

1919లో 'క్యూ గార్డెన్స్' అనే ఆమె చిన్న కథాపుస్తకాన్ని అచ్చువేసి, పెద్దగా అమ్ముడుపోక ఊరుకొన్నారు. పల్లెనుండి ఇంటికి తిరిగివచ్చి చూస్తే వాకిట్లో ఉత్తరాలు కుప్పగా పడి ఉన్నాయి. టైమ్స్ అనుబంధంలో వచ్చిన ఒక్క సమీక్ష ఫలితంగా పుస్తకాల దుకాణాలవారు పంపిన కోరికలవి. వినోదంగా మొదలైన పని ఆనాటినుండి వ్యాపారమైంది. కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథను, ఎలియట్ కవితలను ఆ ముద్రణాలయం ప్రకటించింది. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్లకవిత్వాన్ని మలుపు తిప్పిన ఎలియట్ కావ్యం 'ది వేస్ట్ లాండ్' 1923లో అక్కడ ముద్రితమైనప్పుడు అక్షరాలు కూర్చిన చేతులు వర్జీనియావే. ఫ్రాయిడ్ గ్రంథాల ఆంగ్లానువాదాలు కూడ అక్కడినుండే వెలువడ్డాయి. మన ముల్క్‌రాజ్ ఆనంద్ యువకుడుగా ఉన్నప్పుడు అక్కడ ప్రూఫులు దిద్దాడు. పాతఢిల్లీలోని ముస్లిం కుటుంబజీవితాన్ని చిత్రించిన అహ్మద్ అలీ ఆంగ్ల నవలను హోగార్త్ ప్రెస్ 1940లో ప్రచురించింది.

ముద్రణాలయం ఆమెకు ఇచ్చిన గొప్ప వరం మరొకటి ఉంది. ఏ ప్రచురణకర్త మెప్పు కోసమూ రాయవలసిన అవసరం లేకపోయింది. 1922లో వచ్చిన 'జేకబ్స్ రూమ్' నుండి ఆమె తనకు నచ్చిన తీరులో రాసింది. అప్పటి ప్రసిద్ధ నవలాకారులు పాత్ర ఇంటిని, అద్దెను, దుస్తులను, ఆదాయాన్ని వివరంగా వర్ణించి, పాత్రను మాత్రం జారవిడిచారని ఆమె ఆక్షేపణ. ఒక సామాన్యమైన రోజున సామాన్యమైన మనసులో మెదిలే ఊహలు, స్మృతులు, భయాలు ఎలా ఒకదానిమీద ఒకటి కురుస్తాయో అలాగే పట్టుకోవాలని ఆమె ప్రయత్నం. ఈ పద్ధతినే మనం చైతన్యస్రవంతి అంటున్నాం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', ఒక విద్యార్థి ఒక్కరోజు జీవితాన్ని చిత్రించిన నవీన్ 'అంపశయ్య' చదివిన తెలుగు పాఠకులకు ఈ మార్గం కొత్తది కాదు.

1925లో వెలువడిన 'మిసెస్ డాలొవే' జూన్ నెలలో ఒక్కరోజు కథ. లండన్ సంపన్నురాలు ఒకామె సాయంత్రం విందుకోసం పూలు కొనడానికి బయలుదేరుతుంది. అదే నగరంలో, యుద్ధంలో మిత్రుణ్ణి పోగొట్టుకొని మతి చెదిరిన సైనికుడొకడు వీధుల్లో తిరుగుతుంటాడు. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోరు. బిగ్ బెన్ గడియారం గంటలు మాత్రం ఇద్దరికీ వినబడతాయి. ఆ సైనికుని చూసే ప్రముఖ వైద్యుడు, రోగి మాట వినకుండానే విశ్రాంతి, ఏకాంతం అని ఆదేశించే పెద్దమనిషి. తన కలాన్ని లాక్కొన్న వైద్యులను వర్జీనియా అతనిలో శాశ్వతంగా నిలిపింది.

1927 మే 5న, సరిగ్గా తల్లి వర్ధంతి నాడు, 'టు ది లైట్‌హౌస్' వచ్చింది. ఆమె రచనలలో ఒక్కదానిని మాత్రమే చదవగలిగే తీరిక ఉన్న విద్యార్థికి నేను చెప్పే పుస్తకం ఇదే. సముద్రతీరపు ఇంట్లో ఎనిమిదిమంది సంతానంగల దంపతులు. రేపు వాతావరణం బాగుంటే దీపస్తంభానికి వెళ్దామని తల్లి చిన్నకొడుకుకు ఆశపెడుతుంది. బాగుండదని తండ్రి ఖండితంగా చెబుతాడు. మొదటి భాగమంతా ఇంతే. రెండవ భాగంలో పదేళ్ళు గడుస్తాయి. ఎవరూ లేని ఆ ఇంట్లో గాలి, దుమ్ము, వాన తిరుగుతాయి. అంతవరకు కథకు ప్రాణమైన తల్లి మరణం కుండలీకరణాల మధ్య ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. పాఠకుడు ఉలిక్కిపడి వెనుకకు తిరిగి ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుతాడు. మన ఇళ్ళలో కూడ మరణం అలాగే రాదా? మూడవ భాగంలో తండ్రీ పిల్లలూ పడవలో దీపస్తంభానికి వెళ్తారు. ఒడ్డున ఒక చిత్రకారిణి పదేళ్ళనాడు ఆపిన చిత్రాన్ని పూర్తిచేస్తుంది. కథాస్థలం స్కాట్లండు ద్వీపమని రాసినా, ఆ తీరం సెయింట్ ఐవ్సే. ఆ దంపతులు ఆమె తల్లిదండ్రులే. నవల చదివిన వనెస్సా అమ్మ మళ్ళీ బతికి వచ్చినట్లుందని చెల్లెలికి ఉత్తరం రాసింది. అంతవరకు ప్రతిదినం వెంటాడిన తల్లి జ్ఞాపకం ఈ రచనతో తనను విడిచిందని వర్జీనియా తరువాత చెప్పుకొంది.

1931 నాటి 'ది వేవ్స్' మరింత కఠినమైన ప్రయోగం. ఆరుగురి మనోభాషణల మధ్య సూర్యోదయం నుండి అస్తమయం దాకా సముద్రవర్ణనలు సాగుతాయి. సూర్యోదయాస్తమయ వర్ణనలు ప్రబంధాలు చదివిన మనకు పరిచితమే అయినా, అక్కడ అవి కావ్యానికి అలంకారాలు. ఇక్కడ వయసు గడుస్తున్నదనడానికి అవే గడియారం.

నవలలకంటె ఎక్కువమంది చదివినది మాత్రం 1929లో వచ్చిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అనే చిన్న గ్రంథం. 1928 అక్టోబరులో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్, గిర్టన్ మహిళా కళాశాలల విద్యార్థినులకు ఇచ్చిన ఉపన్యాసాలు దీనికి మూలం. స్త్రీలు, కాల్పనిక సాహిత్యం అనే విషయంమీద మాట్లాడమంటే, ఆమె డబ్బు గురించి మాట్లాడింది. రచన చేయదలచిన స్త్రీకి ఏడాదికి 500 పౌన్ల ఆదాయం, లోపలినుండి గడియ వేసుకోగల సొంత గది ఉండాలని తేల్చింది. వాదాన్ని ఆమె కథగా చెప్పింది. కథకురాలు విశ్వవిద్యాలయంలో పచ్చికమీద కాలు పెడితే కాపలాదారు అడ్డుకొంటాడు. పచ్చిక పండితులది, స్త్రీలకు కంకరదారి. గ్రంథాలయం తలుపు తెరిస్తే, కళాశాల సభ్యుడు వెంట ఉంటే తప్ప స్త్రీలకు ప్రవేశం లేదంటారు. పురుషుల కళాశాలలో మధ్యాహ్నం మేలైన చేపలు, పిట్టమాంసం, మధువు. స్త్రీల కళాశాలలో రాత్రి పలుచని చారు, ఉడికిన మాంసం, ఎండు రేగుపళ్ళు. భోజనంలోని ఈ తేడానుండి శతాబ్దాల ఆస్తిహక్కుల చరిత్రను బయటికి లాగుతుంది. కథకురాలికి ఆదాయం ఎక్కడిదంటే, బొంబాయిలో గుర్రంమీదినుండి పడి మరణించిన మేనత్త రాసిచ్చినది. ఆ వార్త, స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన వార్త దాదాపు ఒకేసారి అందితే, రెండింటిలో డబ్బే గొప్పదిగా తోచిందని ఆమె నిర్మొహమాటంగా చెబుతుంది. షేక్‌స్పియరుకు అంతటి ప్రతిభగల చెల్లెలుండి ఉంటే ఏమయ్యేదని ఊహించి, బడి లేక, బలవంతపు పెళ్ళికి తలవంచక లండన్‌కు పారిపోయి, నాటకశాల వాకిట పరిహాసం పాలై నశించిన ఒక యువతి కథ అల్లుతుంది. ఆ కొద్ది పుటలు చదివినవారు మరచిపోలేరు.

ఈ గ్రంథానికి ఒక పరిమితి ఉంది. వర్జీనియా తన గదిలో కూర్చొని రాస్తుంటే ఆమె ఇంట్లో 1916 నుండి 1934 వరకు నెల్లీ బాక్సాల్ అనే స్త్రీ వంట చేసింది. ఇద్దరి మధ్య తగవులు, అలకలు, రాజీలు వర్జీనియా దినచర్యల నిండా ఉన్నాయి. ఒకసారి నెల్లీ ఆమెను తన గదినుండి బయటికి పొమ్మన్నదట. సొంత గది కోరిన రచయిత్రి వంటమనిషికి కూడ సొంత గది ఉంటుందన్న సంగతికి నొచ్చుకోవడం చిత్రమే. తన వర్గపు గర్వాన్ని ఆమె పూర్తిగా వదులుకోలేదు. దాచుకోను కూడ లేదు.

1938 నాటి 'త్రీ గినీస్'లో స్వరం మరింత తీవ్రమైంది. యుద్ధాన్ని నివారించడం ఎలాగని అడిగిన ఒక పురుషునికి జవాబుగా రాసిన లేఖ అది. కుటుంబాల డబ్బు తరతరాలుగా కుమారుల చదువులకే ప్రవహించిందని, ఇంట్లో పెత్తనం చేసే తండ్రికీ దేశంమీద పెత్తనం చేసే నియంతకూ చుట్టరికం ఉందని వాదించింది. మిత్రులే చాలామంది దానిని మెచ్చలేదు. ఆచరణలో ఆమె తన మాటకు కట్టుబడింది. ఒకప్పుడు తండ్రి మొట్టమొదట ఇచ్చిన క్లార్క్ ఉపన్యాసాలను ఇవ్వమని 1932లో కేంబ్రిడ్జి ఆహ్వానిస్తే కాదన్నది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటును, ప్రభుత్వం ఇవ్వజూపిన బిరుదును కూడ తిరస్కరించింది.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో జర్మన్ బాంబులకు లండన్‌లోని వారి ఇల్లు కూలిపోయింది. దంపతులు ససెక్స్ ప్రాంతపు రాడ్‌మెల్ గ్రామంలో తమ చిన్న ఇంట్లో తలదాచుకొన్నారు. లెనార్డ్ యూదుడు కావడంతో, శత్రువులు దేశంలో అడుగుపెడితే తమ గతి ఏమిటో వారికి తెలుసు. నాజీలు బంధించదలచినవారి జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నట్లు యుద్ధానంతరం బయటపడింది. తలమీద విమానాలు తిరుగుతుండగా ఆమె చివరి నవల ముగించింది. పాతవ్యాధి మళ్ళీ తిరగబెట్టింది. అంతకుముందు ఎన్నిసార్లో కోలుకొన్న ఆమె ఈసారి కోలుకోలేననే భయానికి లోనైంది. అటువంటి వేళ మనిషిని నిలబెట్టే మందులు, చికిత్సలు అప్పటికి లేవు. 1941 మార్చి 28న ఊజ్ నదిలో ఆమె జీవితం ముగిసింది. ఆమె వయసు 59 సంవత్సరాలు. లెనార్డ్ ఆమె అస్థికలను తోటలో ఒక చెట్టు కింద ఉంచాడు. చివరి నవల 'బిట్వీన్ ది ఆక్ట్స్'ను అదే సంవత్సరం ప్రకటించాడు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టాలు ఇవ్వడం 1948లో మొదలుపెట్టింది. లెనార్డ్ 1953లో ఆమె దినచర్యల నుండి రచనకు సంబంధించిన భాగాలను ఏర్చి ఒక సంపుటం వెలువరించాడు. దినచర్యలన్నీ అయిదు సంపుటాలుగా 1977–1984 మధ్య, లేఖలు ఆరు సంపుటాలుగా 1975–1980 మధ్య అచ్చయ్యాయి. నవలకు వచ్చిన తొలి సమీక్ష కోసం పడిన బెంగ, ఆ రోజు కాల్చిన రొట్టె, తోటలోని పూలు, మిత్రులమీద చాడీలు, ఆదాయం లెక్కలు అన్నీ వాటిలో ఉన్నాయి. రిచ్‌మండులో థేమ్స్ నది ఒడ్డున 2022 నవంబరులో ఆమె కాంస్యవిగ్రహాన్ని నెలకొల్పారు. పీఠం ఎక్కించిన విగ్రహం కాదది. ఒక బల్లమీద నవ్వుతూ కూర్చొన్న స్త్రీ. పక్కన మరొకరు కూర్చోవడానికి చోటుంది.